కాలేజీ ఆర్ట్ క్లబ్ ప్రదర్శన పెట్టి, నిధులు సేకరించడం ఎలా?

కాలేజీ ఆర్ట్ క్లబ్ ప్రదర్శన పెట్టిందంటే రెండు పనులు ఒకేసారి నెత్తిన పడతాయి. విద్యార్థులు గీసినవీ చెక్కినవీ నలుగురూ చూసేలా సక్రమంగా అమర్చడం ఒకటి, వచ్చే ఏడాదికి కావలసిన రంగులకూ కాగితాలకూ పనిముట్లకూ డబ్బు పోగుచేయడం మరొకటి. ఈ రెండూ ఒకే గదిలో, ఒకే వారంలో జరుగుతాయి గనుక వాటి లెక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఎవరి చిత్రానికి ఎంత వచ్చిందో, అందులో క్లబ్బుకు చెందినది ఎంతో ఎవరూ చెప్పలేని స్థితి రావడం తరచుగా జరిగేదే. చిత్రం విద్యార్థిది, క్లబ్బు దాన్ని కొన్నాళ్ళు భద్రపరిచి చూపించేది మాత్రమే అన్న సంగతిని మొదటి సమావేశపు మినిట్స్‌లోనే రాసుకుని, ఎంపిక మొదలుకొని చెల్లింపు దాకా ప్రతి నిర్ణయాన్నీ దానితో సరిచూసుకుంటే ఈ చిక్కు చాలావరకు తప్పుతుంది.

డబ్బు దేనికో ముందు తేల్చుకోండి

"క్లబ్బు అభివృద్ధికి" అని అడిగితే ఇచ్చేవారికి ఏమీ కనబడదు. పాడైన ప్రింటింగ్ ప్రెస్ బాగుచేయించడానికనో, పన్నెండు ఈజెళ్ళు (బొమ్మను నిలబెట్టి గీసే స్టాండులు) కొనడానికనో, ఫ్రేము ఖర్చు భరించలేని సభ్యులకు సాయంగాననో ఒక్క పనిని పేరు పెట్టి చెప్పండి, దానికి ఎంత కావాలో అంకె కూడా చెప్పండి. న్యూయార్క్‌లో స్వేచ్ఛా ప్రతిమ (స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ) నిలిచిన పీఠానికి 1885లో డబ్బు చాలకపోతే, జోసెఫ్ పులిట్జర్ తన పత్రిక ద్వారా విరాళాలు అడిగి, ఎంత చిన్న మొత్తం ఇచ్చినవారి పేరైనా అచ్చు వేస్తానని ప్రకటించాడు. లక్షకు పైగా మంది కలిసి లక్ష డాలర్లకు పైగా ఇచ్చారు, వాటిలో ఎక్కువ భాగం డాలరులోపు విరాళాలే. లక్ష్యం స్పష్టంగా ఉండడం, ఇచ్చిన ప్రతివారి పేరూ చెప్పడం అన్న ఆ రెండు సూత్రాలూ మీ క్లబ్బు నోటీసు బోర్డుకు కూడా సరిపోతాయి. పేరు వద్దన్నవారిని మాత్రం వదిలివేయండి.

తరువాత బడ్జెట్ వేయండి. హాలు, ఫ్రేములు, లేబుళ్ళు, అచ్చు పని, లైట్లు, రవాణా అన్నీ రాసి, ఒక్క చిత్రం కూడా అమ్ముడుపోదన్న అంచనాతో ఆ ఖర్చును క్లబ్బు మోయగలదా లేదా చూడండి. ఇది నిరాశావాదం కాదు. మోనే, రెన్వార్, దెగా, పిస్సారో, మోరిసో తదితర చిత్రకారులు 1874లో ప్యారిస్‌లో సొంతంగా సంఘం పెట్టుకుని, ఫొటోగ్రాఫర్ నాదార్ ఖాళీ చేసిన స్టూడియోలో, తరువాత ఇంప్రెషనిస్టుల మొదటి ప్రదర్శనగా పేరుపడ్డ ప్రదర్శనను నడిపారు. ప్రవేశ రుసుము పెట్టారు, అమ్మకాల మీద సంఘానికి పది శాతం వాటా అనుకున్నారు. అయినా లెక్క నష్టంతోనే తేలి, ఏడాది తిరగకుండానే సంఘాన్ని రద్దు చేసుకోవలసి వచ్చింది. వాళ్ళకే తప్పని నష్టానికి మీరు ముందే చోటు ఉంచడం మంచిది.

తేదీ, స్థలం

పరీక్షలకు ముందు మూడు వారాలు, సెలవులకు ముందు వారం వదిలేసి తేదీ పెట్టండి, అక్కడి నుంచి వెనక్కి ఎనిమిది నుంచి పది వారాలు లెక్కపెట్టి పని మొదలుపెట్టండి. హాలు చూడడానికి వెళ్ళినప్పుడు గోడకు మేకులు కొట్టనిస్తారా, లేక పట్టాలకో ప్యానెళ్ళకో మాత్రమే వేలాడదీయాలా అని అడగండి. తలుపు వెడల్పు కొలవండి, ఎందుకంటే పెద్ద కాన్వాసు గుమ్మంలో ఇరుక్కుపోయాక చేసేదేమీ ఉండదు. రాత్రి తాళం ఎవరి దగ్గర ఉంటుందో, పగలు ఏ వేళకు ఏ గోడ మీద ఎండ పడుతుందో కనుక్కోండి. నీటిరంగులూ స్కెచ్ పెన్నులతో వేసినవీ నేరుగా పడే ఎండకు తొందరగా వెలుస్తాయి గనుక ఎండ పడే గోడ వాటికి పనికిరాదు. చక్రాల కుర్చీలో వచ్చేవారికి లోపలికి దారి ఉందో లేదో కూడా ఈ రోజే చూడాలి.

ప్రకటన, ఎంపిక, ఒప్పందం

మొత్తం పనిలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడే, ఎందుకంటే తరువాత వచ్చే గొడవల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంటుంది.

అందరివీ తీసుకుంటారా, ఎంపిక చేస్తారా అన్నది ప్రకటనలోనే చెప్పండి. 1917లో న్యూయార్క్‌లో స్వతంత్ర కళాకారుల సంఘం జ్యూరీ (ఎంపిక చేసే బృందం) ఉండదు, బహుమతులు ఉండవు అని చెప్పి, చిత్రకారుల ఇంటిపేర్ల అక్షర క్రమంలో చిత్రాలు వేలాడదీసింది. అయితే రుసుము కట్టినవారి పనులన్నీ తీసుకుంటామన్న అదే సంఘం, కళాకారుడు మార్సెల్ దుషాంప్ మారుపేరుతో పంపిన పింగాణీ మూత్రపాత్రను (యూరినల్‌ను) ప్రదర్శనలో పెట్టలేదు, దానికి నిరసనగా దుషాంప్ సంఘ కార్యవర్గం నుంచి తప్పుకున్నాడు. అందువల్ల "అందరివీ" అంటే నిజంగా అందరివీ తీసుకోండి, లేకపోతే మీకున్న పరిమితులను ముందే రాయండి. ఒక్కొక్కరికి ఎన్ని చిత్రాలు, గరిష్ఠ కొలత ఎంత, ఏ వస్తువులు పనికిరావు అన్నవి రాతలో ఉండాలి. ఎంపిక చేసే పక్షంలో ముగ్గురు సభ్యుల బృందం పెట్టండి, అందులో ఒక్కరైనా కాలేజీ బయటివారై ఉండాలి, బృందంలో ఉన్నవారి చిత్రాల మీద వారికి ఓటు ఉండకూడదు. నా అభిప్రాయంలో విద్యార్థుల ప్రదర్శనకు మధ్యేమార్గం మేలు: ప్రతి సభ్యుడిదీ కనీసం ఒక్క చిత్రం ఉంచి, మిగతా స్థలాన్ని ఎంపికకు వదలండి. తిరస్కరించినవారికి కారణం ఒక్క వాక్యంలోనైనా చెప్పాలి.

దరఖాస్తు పత్రంలో పేరు, శీర్షిక, సంవత్సరం, మాధ్యమం, కొలతలు, అమ్మకానికి ఉందా లేదా, ధర అన్న గడులతో పాటు ఇంకొక గడి తప్పక ఉండాలి: ఈ చిత్రానికి ఆధారమైన ఫొటో ఎవరిది? ఇంటర్నెట్‌లో దొరికిన ఫొటోను చూసి గీసిన బొమ్మను అభ్యాసంగా ఇంట్లో ఉంచుకోవడం ఒక సంగతి, దాన్ని అమ్మడం మరొక సంగతి. ఫొటో తీసినవారి అనుమతి లేకపోతే అమ్మకానికి పెట్టవద్దు. పేరున్న కార్టూన్ పాత్రల బొమ్మలకు కూడా ఇదే నియమం వర్తిస్తుంది.

ఒక పేజీ ఒప్పందం రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. చిత్రం క్లబ్బు వద్ద ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉంటుంది, అమ్ముడుపోతే విద్యార్థి వాటా ఎంత, క్లబ్బు వాటా ఎంత, ఎన్ని రోజుల్లో డబ్బు ఇస్తారు, దెబ్బ తింటే బాధ్యత ఎవరిది, పోస్టరు మీదా సామాజిక మాధ్యమాల్లోనూ చిత్రాన్ని వాడుకోవచ్చా, గడువులోగా తీసుకువెళ్ళకపోతే ఏం చేస్తారు అన్నవన్నీ అందులో ఉండాలి. చిత్రం కొన్నవారికి ఆ వస్తువు మాత్రమే చెందుతుందనీ, దాన్ని అచ్చు వేసి అమ్ముకునే హక్కు రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప చిత్రకారుడి వద్దే ఉంటుందనీ కూడా రాయండి. చాలా దేశాల కాపీరైట్ చట్టాల్లో పద్ధతి ఇదే, అయినా కొనేవారిలో చాలామందికి ఇది తెలియదు.

చిత్రాలను తీసుకోవడం

చిత్రం చేతికి వచ్చిన క్షణంలోనే ముందూ వెనుకా ఫొటో తీసి, అప్పటికే ఉన్న గీతలనూ మరకలనూ పత్రంలో రాసి, ఇచ్చినవారి చేత సంతకం చేయించండి. వెనుక పెన్సిలుతో ఒక క్రమసంఖ్య వేయండి. లేబులు, రశీదు, లెక్కల పుస్తకం అన్నింటిలోనూ అదే సంఖ్య నడవాలి.

బొగ్గు, పాస్టెల్ చిత్రాలను మౌంటు (చిత్రానికీ అద్దానికీ మధ్య ఎడం ఉంచే అట్ట) లేకుండా నేరుగా అద్దానికి ఆనించి ఫ్రేము కట్టకూడదు. వాటికి అద్దానికి బదులు పారదర్శక ప్లాస్టిక్ రేకు వాడితే అందులో పుట్టే స్థిర విద్యుత్తు పొడిని తనవైపు లాక్కుంటుంది గనుక గాజే మంచిది. తైలవర్ణాలు పైకి ఆరినట్టు కనబడినా లోపల పచ్చిగానే ఉంటాయి, మందంగా పూసినచోట ఆరడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అలాంటి కాన్వాసును బుడగల ప్లాస్టిక్‌లో బుడగలు లోపలివైపు ఉండేలా చుడితే రంగు మీద గుండ్రటి అచ్చులు పడతాయి. ఫ్రేము వెనుక పైనుంచి మూడో వంతు దిగువన రెండు పక్కలా రింగులు బిగించి, వాటి మధ్య తీగ కట్టించండి. రంపపు పళ్ళలాంటి చిన్న కొక్కెంతో వచ్చిన బరువైన ఫ్రేములను తీసుకోకపోవడమే క్షేమం.

గోడ మీద అమర్చడం

ముందు చిత్రాలన్నింటినీ గోడ వెంట నేల మీద ఆనించి పెట్టి, దూరంగా నిలబడి చూస్తూ వరస మార్చుకోండి. ఒక పెద్ద చిత్రమో, గాఢమైన రంగులున్నదో గుమ్మంలోంచి కనబడే గోడ మీద ఉండాలి. ఒకే విద్యార్థి చిత్రాలు ఒక్కచోట ఉంటే అతని ధోరణి అర్థమవుతుంది. స్నేహాలను బట్టి మంచి గోడలు పంచడం మొదలైతే క్లబ్బులో మనస్పర్థలు వస్తాయి, కాబట్టి అమరిక బాధ్యతను ఇద్దరికి మించి ఇవ్వకండి, వారి నిర్ణయమే ఆఖరిదని ముందే ప్రకటించండి.

చిత్రాల పై అంచులు గానీ కింది అంచులు గానీ ఒక వరసలో ఉండేలా కాకుండా, మధ్యబిందువులన్నీ నేల నుంచి ఒకే ఎత్తులో ఉండేలా కట్టండి. గ్యాలరీల్లో సాధారణంగా 145 నుంచి 152 సెంటీమీటర్ల ఎత్తు తీసుకుంటారు. మేకు ఎక్కడ కొట్టాలో తెలియడానికి ఆ మధ్య ఎత్తుకు ఫ్రేము ఎత్తులో సగం కలిపి, తీగను బిగువుగా పైకి లాగినప్పుడు ఫ్రేము పై అంచు నుంచి తీగ దాకా ఉన్న దూరాన్ని తీసివేయండి. ఉదాహరణకు ఫ్రేము ఎత్తు 60 సెంటీమీటర్లు, తీగ దూరం 8 సెంటీమీటర్లు అయితే, 145కు 30 కలిపి 8 తీసివేస్తే 167 వస్తుంది, మేకు అక్కడ కొట్టాలి. పక్కపక్కల దూరం కూడా ఇలాగే లెక్కతో తేలుతుంది. 600 సెంటీమీటర్ల గోడ మీద 60 సెంటీమీటర్ల వెడల్పున్న ఐదు చిత్రాలు పెడితే మిగిలేది 300, రెండు చివరలతో కలిపి ఖాళీలు ఆరు, కాబట్టి ఒక్కో ఖాళీ 50 సెంటీమీటర్లు. కంటితో అంచనా వేసి కొట్టిన మేకులను పీకి, గోడకు పడ్డ రంధ్రాలు పూడ్చే కంటే ఈ లెక్కకు పట్టే సమయం తక్కువే. చివరగా రసమట్టం పెట్టి ప్రతి ఫ్రేమునూ సరిచేయండి.

లైటును నిలువు గీతకు దాదాపు 30 డిగ్రీల కోణంలో చిత్రం మీదికి వంచితే అద్దం మీద మెరుపు చాలావరకు తగ్గుతుంది. కాగితం మీద వేసిన వాటికి మ్యూజియాలు 50 లక్స్ (వెలుతురు కొలత) దగ్గర ఆగుతాయి. వారం రోజుల ప్రదర్శనకు అంత కట్టడి అక్కరలేదు గానీ, పగలూ రాత్రీ లైట్లు వెలిగించి ఉంచవద్దు. లేబులు చిత్రానికి కుడివైపు, అన్నింటికీ ఒకే ఎత్తులో, వృద్ధులు కూడా చదవగలిగేంత పెద్ద అక్షరాలతో ఉండాలి. పేరు, శీర్షిక, సంవత్సరం, మాధ్యమం, క్రమసంఖ్య ఉంటే చాలు, ధరలను విడిగా ఒక జాబితాలో పెట్టండి. శిల్పాలున్న పీఠాలు తోస్తే కదలకుండా బరువుగా ఉండాలి, చుట్టూ మనిషి తిరిగేంత చోటుండాలి.

ధర నిర్ణయించడం

విద్యార్థులు ఒకే ప్రదర్శనలో ఒకరు మరీ తక్కువ, ఒకరు మరీ ఎక్కువ ధర పెడుతుంటారు. కొలతను బట్టి ధర కట్టే పద్ధతి ఈ అసమానతను కొంత తగ్గిస్తుంది. అయితే వైశాల్యాన్ని బట్టి కడితే పెద్ద చిత్రాల ధర అమాంతం పెరిగిపోతుంది: 10 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తున్న చిత్రం వైశాల్యం 120 చదరపు అంగుళాలు, 20కి 24 ఉన్నదానిది 480, అంటే నాలుగు రెట్లు. దానికి బదులు ఎత్తూ వెడల్పూ కలిపి, ఆ మొత్తాన్ని ఒక స్థిరమైన రేటుతో హెచ్చిస్తే 22కు 44 అవుతుంది, ధర రెట్టింపు దగ్గర ఆగుతుంది. అనుభవాన్ని బట్టి రేటు మార్చుకోవచ్చు గానీ, ఒకే విద్యార్థి ఒకే మాధ్యమంలో వేసిన చిత్రాలన్నింటికీ ఒకే రేటు ఉండాలి.

ఫ్రేము ఖర్చును ముందు విద్యార్థికి తిరిగి ఇచ్చి, మిగిలినదానిలో మాత్రమే క్లబ్బు వాటా తీసుకోండి. అలా కాకుండా మొత్తం ధర మీద వాటా కోస్తే, చేతి డబ్బుతో ఫ్రేము కట్టించుకున్న విద్యార్థికి చిత్రం అమ్ముడైనా చేతికి మిగిలేది స్వల్పం, ఒక్కోసారి నష్టమే. వాటా ఎంత ఉండాలన్నది క్లబ్బు సర్వసభ్య సమావేశంలో తేలాలి. వ్యాపార గ్యాలరీలు సగం దాకా తీసుకోవడం మామూలే గానీ, విద్యార్థుల క్లబ్బు ఆ కొలమానాన్ని పట్టుకోవడం సబబు కాదు, అయిదో వంతు దాటనవసరం లేదని నేననుకుంటాను.

ఇంతకంటే ముఖ్యమైన జాగ్రత్త మరొకటుంది. "మన క్లబ్బు కోసమే కదా" అని విద్యార్థుల మంచి చిత్రాలను ఉచితంగా అడగవద్దు. నిధుల కోసం చేసే పనులు ప్రత్యేకంగా వాటికోసమే తయారైనవై ఉండాలి.

నిధుల కోసం చేయదగినవి

లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్ 1994లో ప్రారంభించిన రహస్య పోస్టుకార్డుల అమ్మకం ఇందుకు మంచి నమూనా. పేరుపొందిన కళాకారులూ విద్యార్థులూ పోస్టుకార్డు కొలతలో బొమ్మలు వేసి, సంతకం వెనుకవైపు చేస్తారు. అన్నింటికీ ఒకే ధర, ఏది ఎవరిదో కొన్న తరువాతే తెలుస్తుంది, వచ్చిన డబ్బు విద్యార్థుల సహాయానికి వెళుతుంది. మీ అధ్యాపకులనూ, పూర్వ విద్యార్థులనూ, ఇతర విభాగాల వారినీ తలా రెండు కార్డులు వేయమని అడిగితే ఎవరికీ భారం కాదు. పెద్ద చిత్రం కొనలేని తోటి విద్యార్థి కూడా ఒక కార్డు కొనగలడు. కార్డులన్నీ ఒకే మందమున్న కాగితంతో క్లబ్బే కత్తిరించి ఇవ్వాలి, లేకపోతే కాగితాన్ని బట్టి ఎవరిదో పసిగడతారు.

ప్రెస్ లేకున్నా లినో (మెత్తని లినోలియం పలక) చెక్కి, చెంచా వెనుకభాగంతో రుద్ది అచ్చులు తీయవచ్చు గనుక ముద్రణ చిత్రాలు క్లబ్బుకు బాగా అనువైనవి. ఎన్ని అచ్చులు తీస్తారో ముందే నిర్ణయించి, కింద ఎడమవైపు 7/25 (ఇరవై ఐదింటిలో ఏడోది) లాగా సంఖ్య, మధ్యలో శీర్షిక, కుడివైపు సంతకం పెన్సిలుతో వేయించండి. 25 అన్నాక ఇరవై ఆరోది తీయకూడదు, పలకను గీకి పక్కన పెట్టాలి.

సైలెంట్ ఆక్షన్, అంటే కాగితం మీద పాట పెట్టే వేలం, నడపాలంటే ప్రతి చిత్రం ముందు ఒక కాగితం ఉంచి, ప్రారంభ ధర, కనీసం ఎంత చొప్పున పెంచాలో ముందే అచ్చు వేయండి. పాడేవారికి పేర్లకు బదులు సంఖ్యలు ఇవ్వండి, అప్పుడు ఒకరి మొహం చూసి మరొకరు వెనక్కి తగ్గడం ఉండదు. అన్ని బల్లలూ ఒకేసారి మూయకుండా పది నిమిషాల తేడాతో మూస్తే, ఒకదాన్ని పోగొట్టుకున్నవారు మరొకదాని దగ్గరికి వెళ్ళగలుగుతారు. విద్యార్థికి నచ్చని ధరకు చిత్రం పోకుండా కనీస ధర ఒకటి తప్పక పెట్టాలి.

పావుగంటలో రూపచిత్రం వేసివ్వడం, సాయంత్రం పూట రెండు గంటల వర్క్‌షాపు నడపడం కూడా బాగానే ఆడతాయి. పిల్లల ముఖాలకు రంగులు వేస్తే మాత్రం చర్మానికని తయారైన రంగులే వాడాలి. అక్రిలిక్ రంగు డబ్బా మీద విషరహితం అని ఉన్నంతమాత్రాన అది ఒంటికి పూసేది కాదు. లాటరీ టికెట్ల జోలికి వెళ్ళేముందు కాలేజీ కార్యాలయాన్ని అడగండి, అనేకచోట్ల దానికి చట్టపరమైన అనుమతి కావాలి.

డబ్బు చేతులు మారేచోట

వ్యక్తుల ఖాతాల్లోకి ఒక్క చెల్లింపు కూడా వెళ్ళకూడదు. క్లబ్బుకు ఖాతా లేకపోతే కాలేజీ ఖాతా ద్వారా నడపండి. వరుస సంఖ్యలున్న రశీదు పుస్తకం వాడి, తప్పు రాసిన రశీదును చించకుండా గీత కొట్టి పుస్తకంలోనే ఉంచండి. పెట్టెలోని నగదులోంచి టీ ఖర్చుకైనా తీయవద్దు, ఖర్చుల డబ్బు వేరుగా ఉండాలి. ప్రతి సాయంత్రం ఇద్దరు కలిసి లెక్కపెట్టి సంతకాలు చేయాలి, ఆ ఇద్దరిలో ఒకరు కోశాధికారి, రెండోవారు వేరొకరు అయి ఉండాలి. విరాళాలు, చిత్రాల అమ్మకాలు, వర్క్‌షాపు రుసుములు మూడు వేరు పద్దులుగా రాయండి, ఎందుకంటే మొదటిదీ మూడోదీ పూర్తిగా క్లబ్బువి, రెండోదానిలో అధిక భాగం మీది కాదు. అమ్ముడైన చిత్రం లేబులు పక్కన ఎర్ర చుక్క అంటించండి, పూర్తి డబ్బు రాకముందు మాత్రం అంటించవద్దు. ప్రదర్శన ముగిసేవరకు చిత్రాన్ని గోడ మీదే ఉంచుతామని కొనేవారికి ముందే చెప్పాలి.

విప్పడం, తిరిగి ఇవ్వడం

విప్పే రోజుకు మనుషులు దొరకరు. పెట్టేటప్పుడు ఉన్న ఉత్సాహం అప్పుడు ఉండదు గనుక, విప్పడానికి వచ్చేవారి పేర్లు ప్రకటన రోజునే రాయించుకోండి. ప్రతి చిత్రాన్నీ మొదట తీసిన ఫొటోతో పోల్చి చూసి, సంతకం తీసుకుని అప్పగించండి. గోడ రంధ్రాలు పూడ్చి హాలు తాళాలు తిరిగి ఇచ్చాక, ఒప్పందంలో రాసిన గడువులోగా, వీలైతే రెండు వారాల్లోపే, ప్రతి విద్యార్థికీ అమ్మకం ధర, ఫ్రేము ఖర్చు, క్లబ్బు వాటా, చేతికి వచ్చే మొత్తం అన్న నాలుగు వరుసల చీటీతో డబ్బు ఇవ్వండి. విరాళాలు ఇచ్చినవారికి ఎంత పోగయిందో, దేనికి వాడారో తెలియజేయండి, కొన్న వస్తువు ఫొటో జతచేస్తే మరీ మంచిది. ఎవరూ రాని చిత్రాలకు ఒప్పందంలోని గడువు ముగిశాక ఒక నోటీసు, వారం తరువాత మరొకటి పంపి, ఆ తరువాత వాటిని పారవేయకుండా క్రమసంఖ్యతో సహా విభాగపు గదిలో భద్రపరచి, ఏ అల్మరాలో ఉన్నాయో లెక్కల పుస్తకంలోనే రాసిపెట్టండి.